ప్రశ్నలమ్మ దాచిన మాట

ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు పెట్టింది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కులు. అంతకు ముందు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమెను 'తిరుగుటపా' అనేవారు. ఎవరు ఏ సలహా అడిగినా ఆమె జవాబు చెప్పేది కాదు. "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగినవాళ్ళకే తిప్పి పంపేది.

ఆమె బతుకుతెరువే అది. కంపెనీ యజమానుల పక్కన కూర్చుని, వాళ్ళు ఊళ్ళో లేకపోయినా పని ఆగకుండా నడిచేటట్టు చేయడం. పనివాళ్ళు తమ నిర్ణయాలు తామే తీసుకుని, మంచికీ చెడుకీ తామే జవాబు చెప్పుకునేటట్టు తయారుచేయడం. ఆమె భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆయన నవ్వుతూ అనేవాడు: "మనిషిని కుర్చీలోంచి లేపుతావు, లేపినందుకు ఆ మనిషి దగ్గరే కూలి పుచ్చుకుంటావు. నీ అంత గడసరిని నేను చూడలేదే."

ఇంట్లోనూ ఆమె తీరు అంతే. "సాయంత్రం ఏం వండుదాం?" అని ఆయన అడిగితే, "మీకేమనిపిస్తోంది?" అనేది. "నేను నీ కంపెనీ ఓనర్ని కాదే, మొగుణ్ణి. ఆకలేస్తోందనిపిస్తోంది," అనేవాడు ఆయన.

ఈ పనిలోకి ఆమె కావాలని రాలేదు. చిన్నప్పటి నుంచీ ఒక అట్టపెట్టెల కంపెనీలో పనిచేసింది. అక్కడి యజమాని మంచివాడే. కానీ ట్యూబులైటు మార్చాలన్నా ఆయన తల ఊపాల్సిందే. ఒక మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ కంపెనీలో పని చేతకానివాడు ఒక్కడూ లేడు. చేయమనేవాడే లేకుండా పోయాడు. జిగురు అయిపోతోందని అందరికీ తెలుసు, తెప్పించడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండగానే షట్టరు దిగిపోయింది. ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు టిఫిను డబ్బాలు చంకన పెట్టుకుని తలో దారీ పట్టారు. ఆ రోజు గేటు బయట నిలబడి ఏడ్చినవాళ్ళను ఆమె మరచిపోలేదు. అక్కణ్ణుంచే మొదలైంది ఈ పని.

లిఫ్టుల కంపెనీ యజమాని భార్య ఒక ఉదయం కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చింది. దుకాణం వెనక చిన్న గది ఉంది. అద్దాలు సానబెట్టే యంత్రం పక్కన రెండు కుర్చీలు వేసుకుని ప్రశ్నలమ్మ మనుషులతో మాట్లాడేది అక్కడే. వచ్చినావిడను ఆ కంపెనీ మెకానిక్కులందరూ వదిన అంటారు. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్ళు మొదట ఫోను చేసేది ఆవిడకే. "భయపడకండి, మావాళ్ళు వస్తున్నారు, నాతో మాట్లాడుతూ ఉండండి," అని చెప్పి చెప్పి, ఎవరితో మాట్లాడినా ధైర్యం చెబుతున్నట్టే ఉంటుంది ఆవిడ గొంతు. ఆ ఉదయం ఆ గొంతు వణికింది.

"మా ఆయన లేకుండా మా కంపెనీ నడవాలండీ," అంది.

"నడుస్తుంది. కాకపోతే కాస్త ఓపిక పట్టాలి. మామూలుగా రెండేళ్ళు పడుతుంది."

"అంత టైము లేదండీ."

యంత్రం చప్పుడులో ఎవరికీ వినబడదని తెలిసినా, వదిన ఆమె చెవి దగ్గరికి వంగి మరీ చెప్పింది. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలైంది. మామూలు మరపు కాదు, తగ్గేది కాదు. పెద్ద డాక్టరు స్కానింగు చూసి ఖాయం చేశాడు. ఈ సంగతి ఆయనకూ తనకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆయన్ని పెద్దమేస్త్రి అంటారు. మరునాడు ప్రశ్నలమ్మ వాళ్ళ షెడ్డుకు వెళ్ళింది. పొడవాటి రేకుల షెడ్డు. ఒక వైపు తీగతాళ్ళ చుట్టలు, ఒక వైపు విప్పిన మోటార్లు, నేలంతా గ్రీజు మరకలు. ఒక మూల తలుపుల్లేని పాత లిఫ్టు పెట్టె ఉంది. అందులో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక ఫోను. అదే ఆయన ఆఫీసు. ఎన్నో ఏళ్ళ కిందట ఒట్టి మెకానిక్కుగా మొదలైన మనిషి, ఎడమ చేతి చూపుడువేలు చివర లేదు. ఆమె కూర్చునేలోపే ఫోను మూడు సార్లు మోగింది. ఏ నట్టు ఎంత బిగించాలో కూడా ఆయన్నే అడుగుతున్నారు. ఆయన చెబుతున్నాడు. చెబుతున్నంతసేపూ ముఖం వెలిగిపోతోంది.

ఫోను పెట్టేసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఒక్కో అంతస్తులో లైటు పోతోందమ్మా. కింద నుంచో, పై నుంచో కూడా తెలీదు. అన్నీ ఆరిపోయేలోపు వీళ్ళకు సొంతంగా నడవడం నేర్పు. కానీ ఎందుకు నేర్పుతున్నావో మాత్రం చెప్పకు."

"అదెలా మేస్త్రిగారూ? మనిషికి సగం చెప్పి, మొత్తం బాధ్యత నెత్తినేసుకోమంటే కుదరదు. నేను ఎక్కడికి వెళ్ళినా చెప్పే మొదటి మాట అదే."

"వీళ్ళందరూ నా చేతికింద పెరిగినోళ్ళు. ఒక్కొక్కడి మణికట్టు పట్టుకుని పానా తిప్పించాను. రేపు నేను రోడ్డు దాటుతుంటే నా చెయ్యి పట్టుకుంటారు. అది నేను చూడలేను. నువ్వు మాటిస్తే పని మొదలుపెట్టు. లేకపోతే టీ తాగి వెళ్ళు."

టీ తాగి వెళ్ళిపోవాల్సింది. ఆమె అనుభవమంతా అదే చెబుతోంది. కానీ ఆ షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్న మనుషుల్ని చూస్తుంటే, అట్టపెట్టెల కంపెనీ గేటు బయట నిలబడినవాళ్ళు గుర్తొచ్చారు. తాను వెళ్ళిపోతే వీళ్ళ గతీ అంతే. మాట ఇచ్చేసింది.

పని చకచకా మొదలైంది. ముందు పెద్దమేస్త్రికి ఒకే ఒక్క మాట నేర్పింది. ఎవరు ఫోను చేసినా ఆయన "నీకేమనిపిస్తోంది?" అనాలి. అవతలివాడు చెప్పేదాకా నోరు మెదపకూడదు. మొదటి వారం షెడ్డంతా గగ్గోలు.

"అన్నా, ఇక్కడ వాచ్‌మన్ మెషిన్ రూమ్ తాళం ఇవ్వట్లేదు."

"నీకేమనిపిస్తోంది?"

"కొట్టాలనిపిస్తోంది."

పెద్దమేస్త్రి అయోమయంగా ప్రశ్నలమ్మ వైపు చూశాడు. ఆమె వేళ్ళతో నోరు మూసుకోమని సైగ చేసింది. కాసేపటికి అవతలివాడే దిగొచ్చి, "సర్లే అన్నా, సొసైటీ సెక్రటరీతో మాట్లాడతాను," అని పెట్టేశాడు. లిఫ్టు పెట్టెలో పెద్దమేస్త్రి, వదిన, ఆమె ముగ్గురూ పకపకా నవ్వారు. ఆ కంపెనీలో ఆమె మనసారా నవ్వింది ఆ రోజే.

మెకానిక్కులు మూడు జట్లయ్యారు. ఏ జట్టు బిల్డింగులు ఆ జట్టువే. సామాను తెప్పించుకోవడం, ఎవరు ఎప్పుడు వెళ్ళాలో చూసుకోవడం, బిల్డింగువాళ్ళకు సమాధానం చెప్పుకోవడం అన్నీ వాళ్ళవే. సోమవారం ఉదయం అందరూ బోర్లించిన ఖాళీ డ్రమ్ముల మీద గుండ్రంగా కూర్చునేవారు. పోయిన వారం ఎవరి వల్ల ఏ పొరపాటు జరిగిందో వాళ్ళే లేచి చెప్పాలి. తిట్టడాల్లేవు, దాచడాల్లేవు. మొదట్లో అందరూ నీళ్ళు నమిలారు. మెల్లమెల్లగా నోళ్ళు పెగిలాయి. ఒకడు లిఫ్టు గోతిలో టార్చిలైటు మరచిపోయి వచ్చానన్నాడు. ఇంకొకడు, బ్రేకు చూడకుండానే చూశానని రాశానని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడే ఆ సాయంత్రం వెళ్ళి చూసొచ్చాడు.

అందరిలో పెద్దవాడు పొడుగాయన. లిఫ్టు పెట్టె మీద నిలబడితే తల పై అంతస్తులో ఉంటుందని తోటివాళ్ళ వేళాకోళం. నోట్లో నాలుక లేని మనిషి. పెద్దమేస్త్రి పిలిస్తే అన్నం కంచం ముందు నుంచైనా లేచొచ్చేవాడు. తండ్రి పోయిన ఏడు ఆయన దగ్గర చేరాడు, ఆయనలోనే తండ్రిని చూసుకున్నాడు. ప్రశ్నలమ్మ ఎంత చెప్పినా అతని మాట ఒకటే: "అన్న ఉండగా నాకెందుకు మేడమ్ ఆలోచన?"

ఆ అన్న ఉంటూనే లేకుండా పోతున్నాడని ఆమె ఎలా చెబుతుంది?

పెద్దమేస్త్రి జబ్బు ఆమె పని కంటే వేగంగా పరుగెత్తింది. ఫోను మోగడం తగ్గేసరికి ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. లిఫ్టు పెట్టెలో కూర్చుని ఫోను వైపే చూస్తూ ఉండేవాడు. "ఇది మోగకపోతే నేను పోయినట్టే ఉందమ్మా," అన్నాడొకసారి. ఆ తర్వాత ఆమెకు తెలియకుండా తనే మెకానిక్కులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. సోమవారం "మీ నిర్ణయం మీదే" అనేవాడు, బుధవారం అది మార్చేయమనేవాడు, గురువారం ఎవడు మార్చమన్నాడని అరిచేవాడు. ఎవరి మాట వినాలో తెలియక జట్లు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టు అయిపోయాయి. వినడం మాత్రం ఆయన మాటే విన్నారు.

అలాంటి రోజుల్లోనే ఆయన పొడుగాయనకు ఫోను చేశాడు. ఎక్కువగా వృద్ధులుండే ఒక బిల్డింగు ఉంది. అక్కడి మోటారు బేరింగు పోయిందనీ, విప్పి షెడ్డుకు తెమ్మనీ చెప్పాడు. పొడుగాయన వెళ్ళి మోటారు మీద చెయ్యి వేసి చూశాడు. నిక్షేపంలా ఉంది. అయినా విప్పాడు. అన్నకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు. తీరా చూస్తే బేరింగు పోయింది వేరే బిల్డింగులో. విప్పినదాన్ని మళ్ళీ బిగించి, తాళ్ళు సరిచూసి, లిఫ్టు నడిపేసరికి చాలా ఆలస్యమైంది. ఈలోగా పై అంతస్తు ముసలావిడను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దింపారు. మలుపులో పట్టు జారింది. ఆవిడ తుంటి ఎముక విరిగింది.

సోమవారం అందరూ డ్రమ్ముల మీద చేరారు. పొడుగాయన లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదే. ఆ బిల్డింగుదే విప్పాలని నేననుకున్నాను. అన్న చెప్పింది సరిగా విని ఉండను."

పెద్దమేస్త్రి తల పైకెత్తాడు. ఆయనకు ఆ ఫోను సంగతి గుర్తే లేదు. అబద్ధం ఆడలేదు, నిజంగానే గుర్తులేదు. "నేనా? బాగున్న మోటారు విప్పమని నేనెందుకు చెబుతాన్రా? ఇన్నేళ్ళొచ్చాయి, చెవులు పనిచేయట్లేదా? నీ వల్ల ఒక పెద్ద మనిషి మంచాన పడింది!"

పొడుగాయన చెయ్యి చొక్కా అంచును నలుపుతోంది. "నా వల్లే అన్నా," అన్నాడు. అతని కళ్ళు ఒక్కసారి ప్రశ్నలమ్మ వైపు తిరిగాయి. ఏదో ఒక ప్రశ్న అడుగుతుందనీ, దాన్ని పట్టుకుని తాను బయటపడవచ్చనీ అనుకున్నాడేమో. ఆమెకు అంతా తెలుసు. ఆ ఫోను ఎవరు చేసి ఉంటారో తెలుసు, ఎందుకు చేశాడో తెలుసు. ఇచ్చిన మాట అడ్డం పడింది. తల దించుకుని కూర్చుంది. ఫోను దగ్గరున్న వదిన కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దుకాణం మూసే వేళకు ఆమె భర్తకు మొత్తం చెప్పింది. ఆయనకు చెప్పడం కూడా మాట తప్పడమే. అది ఆమెకు అప్పుడు తట్టలేదు.

"తప్పు నాదే అన్నాడండీ. అందరి ముందూ నిలబడి అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

ఆయన చేతిలోని అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. వెక్కిరించాలని కాదు, నిజంగానే తోచక అడిగాడు: "ఇప్పుడు నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

ఎన్ని వందల మందిని ఆమె అలా అడిగి ఉంటుందో. తనను ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. కౌంటరు మీద తల వాల్చి ఏడ్చింది.

మరునాడు పెద్దమేస్త్రి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "నన్ను ఆ మాట నుంచి విడిచిపెట్టండి. కనీసం మీరైనా వాళ్ళకు చెప్పండి." ఆయన "సరేనమ్మా, నేనే చెబుతాను," అన్నాడు. కొండంత బరువు దిగినట్టయింది ఆమెకు. తెల్లవారి వెళితే, "ఏం చెప్పాలి? ఎవరికి?" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఈసారి కోపంతో ఊగిపోయాడు. "నా జబ్బు సంగతి నీకెవరు చెప్పారు?" అన్నాడు. మూడోసారి మళ్ళీ సరేనన్నాడు. ఆ సరే కూడా పొద్దు గుంకేదాకా నిలవలేదు. ఇచ్చిన మాట అలాగే ఉంది, దాన్నుంచి విడిపించాల్సిన మనిషే పూటకోసారి మారిపోతున్నాడు.

వదినను అడిగితే ఆవిడా ఒప్పుకోలేదు. "చెప్పెయ్యండి అనాలనే ఉందండీ. కానీ రేపొద్దున ఆయనకు ఒక్క గంట తెలివొచ్చి, ఎందుకు చెప్పావని నా ముఖంలోకి చూస్తే? ఆ గంట కోసమే కదండీ నేను బతుకుతున్నది. ఇంకొన్నాళ్ళు ఆగండి."

ఆగింది. ఆగుతూనే చేతనైన అడ్డుకట్ట వేయాలని చూసింది. తర్వాతి సోమవారం కొత్త నియమం ఒకటి పెట్టించింది. ప్రాణానికి ముప్పనిపిస్తే ఏ మెకానిక్కైనా, ఎవరు చెప్పిన పనినైనా చేయననవచ్చు. పెద్దమేస్త్రి చెప్పినా సరే. అందరూ నవ్వారు. "అన్న మాటకు ఎదురా? మేడమ్ జోకులేస్తున్నారు," అన్నాడొకడు. పొడుగాయన మాత్రం నవ్వలేదు. బిల్డింగు సంగతి జరిగినప్పటి నుంచీ అతను ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. ఆదివారాలు ఆ ముసలావిడ మంచం దగ్గర కూర్చుని వస్తున్నాడని తర్వాత తెలిసింది.

మూడంతస్తుల కాన్పుల ఆసుపత్రి ఒకటి వాళ్ళ కంపెనీదే. ఒక మధ్యాహ్నం అక్కడి లిఫ్టు ఆగిపోయింది. ప్రతి అంతస్తులోనూ తలుపుకు ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. తలుపు పూర్తిగా మూసుకుంటేనే అది లిఫ్టును కదలనిస్తుంది. కింది అంతస్తు స్విచ్చు విరిగింది. కొత్తది రావడానికి సమయం పడుతుంది. ఆలోగా నొప్పులు ఎక్కువైన ఒకావిడను ఆపరేషనుకు పైకి తీసుకెళ్ళాలి. ఆసుపత్రి మేనేజరు కంపెనీకి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ ఫోను వదిన కంటే ముందు పెద్దమేస్త్రి ఎత్తాడు. పెట్టేసి వెంటనే పొడుగాయనకు చేశాడు.

"ఆ స్విచ్చు తీగలు రెండూ కలిపేసి లిఫ్టు నడిపెయ్."

తీగలు కలిపితే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదిలిపోతుంది. లోపలికి అడుగు పెడుతున్న మనిషి మధ్యలో నలిగిపోతాడు. ఆ వృత్తిలో అంతకు మించిన పాపం లేదు. కొత్తగా చేరినవాళ్ళకు పెద్దమేస్త్రి చెప్పే మొదటి పాఠం కూడా అదే: "ఈ తీగలు కలిపిన చేతిని నేనే విరుస్తాను."

ఫోను స్పీకరులోంచి పొడుగాయన గొంతు వచ్చింది. "వద్దన్నా."

"ఏంటీ?"

"నేను చెయ్యనన్నా."

షెడ్డులో ఉన్న ప్రశ్నలమ్మ ఆ మాట వింది. ఎన్నో నెలలుగా ఆ ఒక్క మాట కోసమే ఆమె పడరాని పాట్లు పడింది. వినగానే సంతోషం మాత్రం కలగలేదు. పెద్దమేస్త్రి ముఖం జేవురించింది. సంచి భుజాన వేసుకుని, ఎదురుగా ఉన్న వ్యాను ఎక్కి, డ్రైవరును పదమన్నాడు. వదినా, ఆమే పరుగున వెళ్ళి వెనక ఎక్కారు. దారి పొడుగునా ఆయన ఒక్కటే మాట: "నాకు ఎదురు చెబుతాడా?"

ఆసుపత్రి పైకప్పు మీద మెషిన్ రూమ్ ఉంది. పొడుగాయన కరెంటు ఆపేసి, మీట ఉన్న పెట్టెకు తాళం వేసి, ఆ పెట్టె ఇనుప తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. తల ఆ గది కప్పుకు తగులుతోందని మెడ వంచుకునే ఉన్నాడు. చూడ్డానికి మాత్రం తల వంచుకుని దండన కోసం నిలబడినట్టుంది.

"తాళం ఇవ్వు."

"ఇవ్వనన్నా."

పెద్దమేస్త్రి చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు వచ్చింది. పొడుగాయన చెయ్యి ఎత్తి అడ్డుకోలేదు, పక్కకు కూడా జరగలేదు.

"ఈ పని నీకెవడు నేర్పాడ్రా?"

"మీరేనన్నా. అందుకే ఇవ్వను."

కింద అతని జట్టువాళ్ళు ఎవరినీ అడగలేదు. నలుగురు స్ట్రెచరు ఎత్తి, ఇద్దరు ముందు దారి ఇప్పిస్తూ, ఆ గర్భిణిని మెట్ల మీదుగా మూడో అంతస్తుకు చేర్చారు. ఒక్కొక్క మలుపులోనూ ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ, పట్టు చూసుకుంటూ ఎక్కించారు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

పైన పెద్దమేస్త్రి కొట్టిన తన చేతినే చూసుకుంటూ మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన కోపం ఎటు పోయిందో పోయింది. భార్య వైపు తిరిగి పిల్లవాడిలా అడిగాడు: "మనం ఎవరిని చూడ్డానికొచ్చాం ఇక్కడికి? వాడికి నెత్తురెందుకు కారుతోంది? ఎవడు కొట్టాడు?"

పొడుగాయన నిలువునా నీరైపోయాడు. అన్నను చూశాడు. వదినను చూశాడు. ఆవిడ ఆయన తలను గుండెకు అదుముకుని శబ్దం రాకుండా ఏడుస్తోంది. అతనికి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ప్రశ్నలమ్మ వైపు తిరిగాడు.

"మీకు తెలుసా మేడమ్?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"నేను లేచి నిలబడి తప్పు నాదే అన్న రోజు కూడా?"

"తెలుసు."

పెదవి మీది నెత్తురు చేత్తో తుడుచుకుని, ఆ చేతిని ప్యాంటుకు రాసుకున్నాడు. "ఆ ముసలావిడ కళ్ళలోకి ఇన్నాళ్ళూ చూడలేకపోయాను. నా చెవులు చెడ్డాయేమోనని డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకున్నాను," అన్నాడు. ఆ తర్వాత ఆమెతో ఏమీ అనలేదు. వంగి పెద్దమేస్త్రి చంకల కింద చేతులు వేసి లేపాడు. "పదన్నా, ఇంటికెళ్దాం," అంటూ ఒక్కొక్క మెట్టూ దింపుకుంటూ తీసుకెళ్ళాడు.

సోమవారం ప్రశ్నలమ్మ షెడ్డుకు వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. డ్రమ్ముల మధ్య తనే ముందుగా లేచింది. "పోయిన నెలల్లో జరిగిన తప్పు నాది. బాధ్యత తీసుకోమని మీకు చెప్పి, తీసుకోవడానికి కావలసిన నిజాన్ని నా దగ్గర దాచుకున్నాను. ముసలావిడ విషయంలో పొడుగాయన తప్పు లేదు. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు." ఇంకా చెప్పాలని చాలా మాటలు కూర్చుకుని వచ్చింది. వాళ్ళ ముఖాలు చూశాక అవి పనికిరావనిపించి కూర్చుంది.

పొడుగాయన అన్నాడు: "మేం మాట్లాడుకున్నాం మేడమ్. మీరిక రావద్దు."

"ఆవిడ నేర్పకపోతే ఆ రోజు తాళం ఇచ్చేసేవాడివి కదరా," అన్నాడు ఒక మెకానిక్కు, మెల్లగా.

"అవును. అందుకే కూర్చోబెట్టి చెబుతున్నాం. లేకపోతే గేటు దగ్గరే చెప్పేవాళ్ళం."

ఆమె లేచి నమస్కారం పెట్టింది. ఇద్దరు ముగ్గురు ప్రతినమస్కారం పెట్టారు. పొడుగాయన తీగతాడు చుట్ట వైపు వెళ్ళిపోయాడు.

సంగతి బయటికి పొక్కింది. ఆసుపత్రివాళ్ళు, ఇంకొన్ని పెద్ద బిల్డింగులవాళ్ళు వేరే కంపెనీకి మారిపోయారు. మూడో జట్టు మొత్తం ఆ కంపెనీలోనే చేరిపోయింది. మిగిలిన రెండు జట్లూ ఆ షెడ్డులోనే సగం భాగం అద్దెకిచ్చేసి, మిగతా సగంలో పని సాగించాయి. గొప్పగా ఏమీ నడవలేదు, మూతపడలేదు. పెద్దమేస్త్రి కొన్నాళ్ళు వచ్చి కూర్చున్నాడు. తర్వాత దారి తప్పడం మొదలయ్యాక ఇంట్లోనే ఉంచారు.

ప్రశ్నలమ్మ చాలా రోజులు ఏ పనీ ఒప్పుకోలేదు. భర్త దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునేది. ఎవరైనా "ఈ ఫ్రేము నాకు బాగుందా?" అని అడిగితే బాగుంటే బాగుందనీ, లేకపోతే లేదనీ చెప్పేసేది. ఒకసారి బేకరీల యజమాని ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. తన మనుషులు తన మీద ఆధారపడకుండా పనిచేయాలన్నాడు. ఆమె ఆయనకు లిఫ్టుల కంపెనీ కథంతా, తను చేసింది ఏమీ మినహాయించకుండా చెప్పింది. "మీ పనివాళ్ళకు తెలియకూడనిది మీ దగ్గర ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. ఉంటే నేను రాను," అంది. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి, ఆలోచించుకుని వస్తానన్నాడు. రాలేదు.

వానాకాలం ముగిసే రోజుల్లో వదిన వచ్చింది. పెద్దమేస్త్రి కళ్ళజోడు కాడ విరిగిందని తెచ్చింది. బాగా చిక్కిపోయింది. అయినా గొంతు మునుపటిలా నిలకడగా ఉంది. ప్రశ్నలమ్మకు ఏం మాట్లాడాలో తోచక కుర్చీ జరిపింది.

"మీ మీద నాకు కోపం లేదండీ," అంది వదిన. "ఆ మాట తీసుకుంది మేమే కదా."

"ఇచ్చింది నేను."

లోపల ఆమె భర్త మర బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత వదినే ఇంటి సంగతులు చెప్పింది. ఆయనకు ఇప్పుడు స్నానం చేయించడం, నడిపించడం ఒక్క మనిషి వల్ల కావడం లేదట. మెకానిక్కులు వంతులు వేసుకుని వస్తున్నారట. ఎవరు ఏ రోజు రావాలో వాళ్ళే చూసుకుంటారు, ఒకడికి కుదరకపోతే ఇంకొకణ్ణి పంపుతాడు. తనను ఏనాడూ అడగలేదు, తాను ఏనాడూ చెప్పలేదు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"పొడుగాయన వస్తాడా?"

"రాకుండా ఎలా ఉంటాడండీ? ఆయనకు గడ్డం గీసేది అతనే. ఇంకెవరు గీసినా ఊరుకోరు."

ప్రశ్నలమ్మ అడగకుండా ఉండలేకపోయింది. "నా గురించి ఎప్పుడైనా..."

వదిన కళ్ళు దించుకుంది. ఒకరికి ధైర్యం చెప్పడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు మాత్రం అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"లేదండీ. మీ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు."

ప్రశ్నలమ్మ తల ఊపింది. భర్త కళ్ళజోడు తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని గుడ్డతో తుడిచి, కాడలు రెండూ సరిగ్గా మడత పడుతున్నాయో లేదో చూసి, పెట్టెలో పెట్టి వదిన చేతికిచ్చింది. వదిన గొడుగు విప్పుకుని వీధిలోకి దిగింది. మలుపు తిరిగేదాకా ప్రశ్నలమ్మ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వచ్చి, ఎదురుచూస్తున్న మనిషికి ఫ్రేములు చూపించసాగింది.